మా చెల్లెలి పెరట్లో ఎండ దీపం

కార్తీక మాసం వచ్చిందంటే మీలో చాలామంది పంచారామాలో, శ్రీశైలమో, అన్నవరమో తిరిగి వస్తారు కదూ! మా ఇంట్లోనూ అదే ఆనవాయితీ. కానీ 2024 కార్తీకంలో మాత్రం నేను గుళ్ళ ప్రయాణం పక్కనపెట్టి, మా వారికి నాలుగు రోజులకు సరిపడా పచ్చళ్ళూ పొడులూ అమర్చి, మా అత్తగారిని మా ఆడపడుచుకి అప్పజెప్పి, ఒక్కదాన్నే మా చెల్లెలి ఊరు వెళ్ళొచ్చాను. ఎందుకో చెబితే నవ్వుతారు. వాళ్ళ గొడ్లపాక కప్పు చూడటానికి!

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది రాజమండ్రి. ఆ ఏడాది మే నెలలో మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఒకటిన్నర రోజు కరెంటు లేదు. మాకు ఇన్వర్టర్ ఉందిగా అని నేను నిబ్బరంగా ఉన్నాను. అది నాలుగు గంటలు తిరిగి, కీచుమని అరిచి ఊరుకుంది. ఆ రాత్రి ఎనభై రెండేళ్ళ మా అత్తగారికి నేనూ మా అమ్మాయీ వంతులు వేసుకుని విసనకర్రతో విసిరాం. తెల్లారేసరికి ఆవిడ నీరసపడి మాట తడబడితే, మజ్జిగలో ఉప్పేసి చెంచాతో పట్టించాను. ఆ గాభరా ఇప్పటికీ మర్చిపోలేను. "ఇంకా పెద్ద బ్యాటరీ కొందాం" అన్నారు మా వారు. పెద్ద బ్యాటరీ అయినా నిండాల్సింది ఆ కరెంటుతోనే కదా, అదే లేనప్పుడు ఎంత పెద్దదైతే ఏం లాభం? అప్పుడు గుర్తొచ్చింది మా చెల్లెలు. అయిదేళ్ళ కిందట అది ఫోన్లో, "అక్కా, ఎండతో ఫ్యాను తిప్పుతున్నానే" అంటే నేను ఎగతాళి చేశాను. ఇప్పుడు దాని ఇంటికి వెళ్ళి నేర్చుకోవలసి వచ్చింది.

పలాస దాకా

చెల్లెలిది కవిటి దగ్గర ఒక చిన్న ఊరు. శ్రీకాకుళం జిల్లా చివర, ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. దానికి ఇవతల, సముద్రం పక్కన ఉంటుంది కవిటి. ఆ చుట్టుపక్కల మండలాలను కలిపి ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటే అలా మారిందని పెద్దవాళ్ళు చెబుతారు. కొబ్బరి, జీడి, పనస తోటలు అంత ఎక్కువ. ఉత్తరాంధ్ర కోనసీమ అని కూడా అంటారు.

రాత్రి రైలెక్కితే విశాఖపట్నం దాటేదాకా నాకు మెలకువ రాలేదు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో టీ తాగాను. తర్వాత తిలారు, కోటబొమ్మాళి, నౌపడ. నౌపడ ఉప్పుకి పేరు. అక్కడికి దగ్గర్లోనే తేలినీలాపురం ఉంది, చలికాలం గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు పెడతాయి. మీరు పిల్లల్ని తీసుకుని వెళ్ళేట్టయితే ఈ ఊరు మర్చిపోకండి.

పలాసలో దిగాను. కాశీబుగ్గ, పలాస కలిసిపోయిన ఊరు. బజార్లో అడుగుపెట్టగానే జీడిపిక్కలు కాల్చే వాసన ముక్కుకి తగులుతుంది. పిక్క కొట్టేదీ, పొట్టు ఒలిచేదీ, గుండ్లు వేరు బద్దలు వేరు ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. జీడి రసం చేతికంటితే చర్మం కాలి నల్లబడుతుంది. మనం పాయసంలో వేసుకునే పప్పు వెనక ఆ చేతులున్నాయని అక్కడ చూస్తేగాని తెలీదు. అరకిలో గుండ్లు కొన్నాను. మందస కోవా కూడా దొరికితే ఒక పొట్లం కట్టించాను. దాని రుచి చెబితే తీరదు, తినాల్సిందే.

అక్కడినుంచి బస్సులో హరిపురం, కంచిలి మీదుగా వెళ్ళి, ఆటో మారి చెల్లెలి ఊరు చేరేసరికి పన్నెండయింది. దారంతా తోటలే. కానీ కోనసీమలో మనం చూసే తోటల్లా కాదు. అక్కడక్కడ పాత చెట్లు, నడుమ చాలా చోట్ల లేత చెట్లు. ఊరికి పెద్దలు తక్కువై పిల్లలు ఎక్కువైనట్టు అనిపించింది. "అదంతా తిత్లీ చేసిన పని" అన్నాడు ఆటో అబ్బాయి.

తిత్లీ రాత్రి

ఆ సంగతి సాయంత్రం అరుగు మీద కూచుని చెల్లెలే చెప్పింది. 2018 అక్టోబరు 11. నవరాత్రులు మొదలైన మర్నాడు. తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 140, 150 కిలోమీటర్ల వేగం. "అక్కా, చెట్లు విరిగే చప్పుడు వినలేకపోయాం. ఒకటి పడితే భూమి అదిరేది. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముప్ఫై దాటాక మానేశాను" అంది. పొద్దున తలుపు తీస్తే పెరట్లోంచి సముద్రం వైపు ఆకాశం కనబడిందట. పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ ఆ వైపు చెట్లే తప్ప ఆకాశం చూసి ఎరగదు అది.

స్తంభాలు వంగిపోయాయి, తీగలు రోడ్డు మీద. దసరా చీకట్లోనే వెళ్ళిపోయింది. వాళ్ళ వీధికి కరెంటు పదిహేనో రోజున వచ్చింది. ఈలోగా జనరేటరు ఉన్న చోట ఫోను చార్జింగుకి 20 రూపాయలు. ట్యాంకు నింపడానికి అద్దె జనరేటరు కోసం వీధంతా చందాలు.

ఇవన్నీ తుపాను ఊళ్ళలో ఎక్కడైనా ఉండే కష్టాలే. కానీ మా చెల్లెలి ఇంట్లో ఇంకో కష్టం ఉంది. వాళ్ళ మామయ్యగారికి కిడ్నీ జబ్బు. ఉద్దానం పేరు మీరు పేపర్లలో చూసే ఉంటారు. ఆ నేల మీద ఎంతోమందికి, పొలాల్లో పనిచేసుకునేవాళ్ళకి, షుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని ఖాయంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేకంగా కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. తిత్లీ నాటికి అవేవీ లేవు. మామయ్యగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్. తుపాను వారంలో ఒక వాయిదా తప్పిపోయింది. కేంద్రం తెరిచారో లేదో కనుక్కుందామంటే ఫోన్లు చచ్చిపోయి ఉన్నాయి. మా మరిది రోడ్డుకడ్డంగా పడ్డ చెట్లు నరుక్కుంటూ వెళ్ళి కనుక్కొచ్చాడు. తర్వాతి రోజు మోటారు సైకిలు మీద ముందు మరిది, నడుమ ఆయన, వెనక పట్టుకుని మా చెల్లెలు.

ఇంకో మాట చెప్పింది, అది విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. డయాలసిస్ వాళ్ళు నీళ్ళు కొలిచి తాగాలి. ఆయనకి రోజుకి లీటరు లోపే అని డాక్టరు చెప్పారట. కాఫీ, మజ్జిగ, చారు, అన్నీ అందులోనే. ఎక్కువ తాగితే ఆ నీరు బయటికి పోదు, ఒంట్లో చేరి ఆయాసం వస్తుంది. ఫ్యాను లేదు, తుపాను వెళ్ళాక ఉక్క. ఒళ్ళంతా చెమట, నోరు పిడచకట్టుకుపోవడం. నీళ్ళు అడగడం, ఇది కాదనడం. "మామయ్య అడుగుతుంటే చెంబు దాచేశానక్కా. కొబ్బరి తోటలు చేసిన మనిషి, పెరట్లో కాయలన్నీ రాలిపడి ఉన్నాయి, ఒక్క బోండం ఇవ్వడానికి లేదు" అంది. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ పనిచెయ్యనివాళ్ళకి అది గుండె మీదకొస్తుంది. మనకి చలవ చేసేదే ఆయనకి విషం.

చూశారా, మనకి ఫ్యాను సుఖం. ఆ ఇంట్లో అది మందు.

"ఎండని కొంటావా?"

2019 మార్చిలో మా చెల్లెలు డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకుంది. ఇంటి పెంకులు ఇంకా పూర్తిగా సర్దలేదు. "కప్పు బాగుచేసుకోకుండా ఎండని కొంటావేటి?" అని వాళ్ళ అత్తయ్యగారు నాలుగు రోజులు మాట్లాడలేదట. మా చెల్లెలు మొండిది. 100 వాట్ల పలకలు రెండు, 150 ఆంపియర్‌ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ ఒకటి, చార్జ్ కంట్రోలర్, 12 వోల్టుల ఫ్యాను ఒకటి, చిన్న ఎల్‌ఈడీ బల్బులు మూడు, ఫోన్లు పెట్టుకునే సాకెట్టు. అన్నీ కలిపి అప్పట్లో 28 వేలు అయిందట.

నేను వెళ్ళిన మర్నాడు పొద్దున్నే పాక చూపించమన్నాను. రెండు నల్లటి అద్దం పలకలు, మన పీటలకంటే కాస్త పెద్దవి, దక్షిణానికి వాలుగా పడుకుని ఉన్నాయి. ఇంతేనా అనిపించింది. "ఇంతేనక్కా" అని నవ్వింది చెల్లెలు.

అర్థం కాక అడిగితే అది నాకు గోలెం లెక్కలో చెప్పింది. మీకూ అలాగే చెబుతాను. పలక అంటే కుళాయి. బ్యాటరీ అంటే గోలెం. బల్బూ ఫ్యానూ చెంబులు. చార్జ్ కంట్రోలర్ అంటే గోలెం నిండగానే కుళాయి కట్టేసే మనిషి, గోలెం అడుగంటబోతుంటే ఇంక ముంచొద్దని చెంబు లాక్కునే మనిషి కూడా.

కుళాయి ఎంత ఇస్తుంది? 200 వాట్ల పలకలకు మంచి ఎండ రోజుకి నాలుగు గంటల నిండు ఎండ అనుకుందాం. 800 అవ్వాలి. కానీ వేడి, దుమ్ము, తీగల నష్టం పోను 600 వాట్ అవర్లు చేతికొస్తాయి. మబ్బు రోజున అందులో పావు వంతు వచ్చినా గొప్పే.

గోలెంలో ఎంత పడుతుంది? 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు, హెచ్చవేస్తే 1800. కానీ ఈ రకం బ్యాటరీని సగం కంటే ఎక్కువ ఖాళీ చెయ్యకూడదు, ఆయుష్షు తగ్గిపోతుంది. కాబట్టి వాడుకోదగ్గది 900.

ఖర్చెంత? ఫ్యాను 28 వాట్లు, రాత్రి తొమ్మిది గంటలు తిరిగితే 252. 7 వాట్ల బల్బులు మూడు, నాలుగు గంటలు వెలిగితే 84. ఫోన్లు మూడు కలిపి ఒక 45. మొత్తం 381. అంటే ఒక యూనిట్టులో సగం కూడా కాదు! గోలెం నిండుగా ఉంటే అసలు ఎండే రాకపోయినా రెండు రాత్రులు గడుస్తుంది.

ఇక్కడ ఒక కిటుకుంది. మన ఇళ్ళలో తిరిగే పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు తింటుంది. తొమ్మిది గంటలకు 675. అదే పెడితే గోలెం ఒక్క రాత్రిలోనే అడుగంటేది. తక్కువ తినే ఫ్యాను కొనబట్టే చిన్న పలకలతో సరిపోయింది. కరెంటు పుట్టించుకోవడం కంటే ముందు దుబారా మానుకోవడం మన వంటింటి సూత్రమే కదా!

ఫొని పరీక్ష

అమర్చిన రెండు నెలలకే పరీక్ష వచ్చింది. 2019 మే 3న ఫొని తుపాను ఒడిశాలో పూరీ దగ్గర తీరం దాటింది. ఆ గాలులు ఉద్దానానికీ తగిలాయి. ముందు రోజు సాయంత్రమే మా మరిది పలకలు విప్పి, పాత దుప్పట్లు చుట్టి, మంచం కింద పెట్టేశాడు. ఒక్కో పలక ఎనిమిది కిలోలకు లోపే, ఆడవాళ్ళం కూడా దించగలం. చేత్తో తిప్పే రెక్కల నట్లు వేయించడం వల్ల పావుగంట పని. గాలి తుపాన్లు వచ్చే ఊళ్ళో ఇదే ముఖ్యమైన జాగ్రత్త అని మా చెల్లెలు నొక్కి చెప్పింది. 2024 అక్టోబరులో దానా హెచ్చరిక వచ్చినప్పుడు కూడా అలాగే దించారట. అది భితర్‌కనిక వైపు పోయింది, పలకలు మళ్ళీ కప్పెక్కాయి.

ఫొని రాత్రి ఊరంతా చీకటి. ఈ ఇంట్లో చిన్న బల్బు వెలుగుతోంది, మామయ్యగారి మంచం పక్కన ఫ్యాను తిరుగుతోంది. నాలుగు రోజులు మాట్లాడని అత్తయ్యగారు అర్ధరాత్రి లేచి వచ్చి ఫ్యాను ముందు కూకుని, "గాలి బాగానే వస్తోందే" అన్నారట. అంతే. అదే ఆవిడ మెప్పు.

మర్నాటినుంచి అరుగు మీద ఫోన్ల వరస. "అప్పా, మావోడికి ఫోను సెయ్యాల, నా ఫోను సచ్చిపోనాది, కూసింత పెట్టవా?" అంటూ ఎదురింటావిడ మొదలుపెట్టిందట. ఉద్దానం మగవాళ్ళు ఎంతోమంది దూరాల్లో, పరాయి దేశాల్లో పనులకు పోయి ఉంటారు. తుపాను అనగానే వాళ్ళు అక్కడ అల్లాడిపోతారు. ఒక్క ఫోను వెలిగితే రెండు చోట్ల ఊపిరి వస్తుంది. చెల్లెలు ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. "జనరేటరు దగ్గర 20 రూపాయలు ఇచ్చినప్పుడు నా కడుపు మండింది, అది నేను మళ్ళీ చేస్తానా?" అంది.

చేసిన పొరపాట్లు

అంతా సవ్యంగా జరిగిందనుకోకండి. పొరపాట్లు కూడా రాయమంది చెల్లెలు, చదివినవాళ్ళకి డబ్బు మిగులుతుందని.

మొదట పలకలు ఇంటి తూర్పు వైపు పెట్టారు. తిత్లీకి పడకుండా మిగిలిన ఒకే ఒక కొబ్బరిచెట్టు అక్కడుంది. మధ్యాహ్నం నాలుగాకుల నీడ పలక ఒక మూల మీద పడేది. మూలేగా అనుకున్నారు. సాయంత్రానికి బ్యాటరీ సగం కూడా నిండేది కాదు. తీగలు అమర్చిన కుర్రాడు వచ్చి చెప్పాడు, పలకలోని గళ్ళన్నీ ఒకదానికొకటి గొలుసుగా కలిపి ఉంటాయట. ఒక గడి మీద నీడ పడితే గొలుసంతా మందగిస్తుంది. పైపులో ఒక చోట బొటనవేలితో నొక్కినట్టు. అప్పుడు గొడ్లపాక మీదికి మార్చారు.

రెండోది నీళ్ళ పొరపాటు. ఇది పూర్తిగా మా చెల్లెలిదే. ట్యూబులర్ బ్యాటరీలో రెండు మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి పొయ్యాలి. ఆస్పత్రుల చుట్టూ తిరుగుతూ మర్చిపోయింది. ఆరేళ్ళు రావాల్సిన బ్యాటరీ మూడేళ్ళకే పోయింది. ఇప్పుడు క్యాలెండరులో అమావాస్య అమావాస్యకీ ఎర్ర గీత పెట్టుకుంటోంది. ఈసారి మార్చాల్సి వస్తే లిథియం ఫాస్ఫేట్ రకం తీసుకుంటుందట. ధర ఎక్కువ, కానీ నీళ్ళు పొయ్యక్కర్లేదు, ముప్పాతిక పైగా వాడుకోవచ్చు, ఎక్కువ ఏళ్ళు వస్తుంది. దానికి సరిపడే కంట్రోలర్ ఉండాలి, పాతది పనికిరాకపోవచ్చు.

మూడోది అందరం చేసేది. మా చెల్లెలి కొడుకు ఎక్కడో చిన్న ఇన్వర్టర్ తెచ్చి తగిలించి, మిక్సీ పెట్టాడు. టక్కుమని ఆగిపోయింది. మిక్సీ 500 నుంచి 750 వాట్లు. ఇస్త్రీ పెట్టె 1000. ఒక హార్స్‌పవర్ మోటారు 746, పైగా మొదలయ్యేటప్పుడు దానికి అనేక రెట్లు లాగుతుంది. ఫ్రిజ్‌దీ అదే తంతు. చిన్న ఏర్పాటు పెట్టుకుని పచ్చడి రుబ్బుదామంటే కుదరదు. కరెంటు లేని రోజున రోలుంది కదా!

పక్కింటి పెద్ద పలకలు

మూడు ఇళ్ళ అవతల ఒక డాబా మీద పెద్ద పెద్ద పలకలు కనబడ్డాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో పెట్టించుకున్నారు. ఒక కిలోవాట్‌కి 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు, ఆపైన 78 వేలు కేంద్రం సబ్సిడీ ఇస్తోంది. బిల్లు బాగా తగ్గిందని ఆవిడ సంబరపడింది. "కానీ అప్పా, కరెంటు పోతే మాకూ పోతాది. ఎండ మండిపోతంటే ఇంట్లో సీకటి. ఇదేటి సిత్రం?" అని అడిగింది.

ఇది మీరంతా తెలుసుకోవలసిన సంగతి. ఆ పెద్ద పలకలు వీధి లైనుతో ముడిపెట్టి ఉంటాయి. లైను చచ్చిపోగానే అవి కూడా ఆగిపోవాలని నియమం. ఎందుకంటే స్తంభం మీద లైన్‌మన్ చెయ్యి పెట్టి ఉంటాడు. మన డాబా మీది కరెంటు ఆ తీగలోకి వెళితే అతని ప్రాణం పోతుంది. కాబట్టి అది లోపం కాదు, రక్షణ. బిల్లు తగ్గాలంటే అది. కరెంటు పోయినప్పుడు వెలగాలంటే బ్యాటరీ ఉన్న ఏర్పాటు వేరే కావాలి, లేదా రెండూ చేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ బ్యాటరీతో సహా పెట్టించుకోవాలి. కొట్టువాణ్ణి ముందే అడగండి: "కరెంటు పోయినప్పుడు ఇది పనిచేస్తుందా?" అని. ఈ ఒక్క ప్రశ్న చాలు.

కొనేముందు

మా చెల్లెలు చెప్పినవీ, నేను రాసుకున్నవీ ఇక్కడ పెడుతున్నాను. కత్తిరించి దాచుకోండి.

ముందు కాగితం మీద లెక్క వెయ్యండి. కరెంటు పోతే నిజంగా కావలసినవేవి, ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు. వస్తువు వెనక చీటీ మీద వాట్లు ఉంటాయి.

పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం మూడున్నర దాకా నీడ పడని చోటు చూడండి. మన వైపు పలక దక్షిణానికి వాలి ఉండాలి. ఉద్దానంలో 19 డిగ్రీల వాలు పెట్టారు, రాజమండ్రిలో 17 చాలు. వాన నీరు జారిపోతుంది, దుమ్మూ నిలవదు.

చార్జ్ కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ తగిలించాలి, తర్వాత పలక. విప్పేటప్పుడు ముందు పలక, ఆఖర్న బ్యాటరీ. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు తప్పకుండా వేయించండి. 12 వోల్టుల తీగలు లావుగా, పొట్టిగా ఉండాలి. సన్నటి తీగ వేడెక్కుతుంది.

నీళ్ళు పోసే బ్యాటరీ చార్జవుతున్నప్పుడు మండే వాయువు వస్తుంది. వంటింట్లోనూ, దీపం వెలిగే పూజగదిలోనూ పెట్టకండి. గాలి ఆడే చోట, పిల్లల చేతికందకుండా ఉంచండి. నీళ్ళు పోసేటప్పుడు పట్టుచీరలు వద్దు, యాసిడ్ చుక్క పడితే చిల్లే.

పలకలు వారానికోసారి పొద్దున చల్లటి వేళ తడిగుడ్డతో తుడవండి. మిట్టమధ్యాహ్నం వేడి అద్దం మీద చన్నీళ్ళు కొట్టకండి.

మామయ్యగారి మొక్కలు

మామయ్యగారు 2022లో పోయారు. చలికాలం, తన మంచం మీద, నిద్రలో. ఆ ఫ్యాను ఆ రాత్రి అవసరం లేదు గానీ, ఆయనకి ఆ చప్పుడు లేకపోతే నిద్రపట్టేది కాదట, అందుకని తిరుగుతూనే ఉందంది చెల్లెలు. తిత్లీ తర్వాత ఆ నాలుగు వేసవులూ ఒక్క రాత్రి కూడా చెంబు దాచాల్సిన పని పడలేదు.

ఆయన డయాలసిస్ లేని రోజుల్లో కుర్చీ వేయించుకుని కూచుని, 2019 వానాకాలంలో పాకకి దక్షిణంగా కొబ్బరి మొక్కలు పదకొండు నాటించారు. నేను బయల్దేరే రోజు మధ్యాహ్నం మూడింటికి చెల్లెలు పాక దగ్గరికి పిలిచింది. చలికాలం సూర్యుడు దక్షిణానికి దిగి పోతాడు కదా, ఆ లేత చెట్ల ఆకుల నీడ సన్నగా పలకల అంచు మీదికి వచ్చి ఊగుతోంది. గోలెం నిండటం ఈ నెలనుంచే కాస్త తగ్గిందట.

"ఒకటి రెండు చెట్లు తీసేస్తే సరిపోతుందని ఆ కుర్రాడంటున్నాడు" అంది.

"మరి?" అన్నాను.

"మామయ్య నాటినవి కొడతానా? పలకలే జరుపుకుంటాం. చెట్లు మళ్ళీ నీడ వేసేంత ఎదిగాయి, అంతకంటే ఏం కావాలక్కా?" అంది.

ఆ సాయంత్రమే మా మరిదీ, చెల్లెలి కొడుకూ, నేనూ కలిసి పలకలు విప్పి వంటింటి డాబా మీదికి ఎక్కించాం. కింద అత్తయ్యగారు నిలబడి, "మెల్లిగా, మెల్లిగా, పగులుతాయి" అని కేకలు. ఎండని కొంటావా అన్న మనిషే!

ఇంటికొచ్చాక మా వారితో మాట్లాడి, ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీకే డాబా మీద రెండు పలకలూ, చార్జ్ కంట్రోలరూ కలిపించాం. కొత్త బ్యాటరీ కొనలేదు. అత్తగారి గదిలో ఫ్యాను మాత్రం మార్చి, తక్కువ తినేది వేయించాం. మొన్న ఒకరోజు మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోతే ఆవిడకి పోయిన సంగతే తెలీలేదు. అదే నాకు పెద్ద పండగ.

మీరు అటువైపు వెళితే పలాసలో జీడిపప్పు కొనుక్కోండి, మందస కోవా తినండి, బారువ తీరంలో కాసేపు కూర్చోండి. కవిటి దారిలో లేత కొబ్బరితోటలు కనిపిస్తే ఒక్క క్షణం ఆగి చూడండి. తుపాను పోయాక మళ్ళీ నాటిన చేతులు ఆ ఇళ్ళలోనే ఉంటాయి. అరుగు మీద కూచుంటే బోండం కొట్టి ఇస్తారు. మీరు హాయిగా తాగొచ్చు కాబట్టి, కాదనకుండా తాగండి.